సీప్యాప్ మాస్కుతో కొన్నేళ్ళు: గాజువాక నుంచి ఒక వినియోగదారుడి సమీక్ష

నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే స్లీప్ అప్నియా జబ్బుకు, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం వాడడం మొదలుపెట్టి కొన్నేళ్ళు గడిచాయి. ఇదే యంత్రాన్ని మొదటి నెల తిరక్కుండానే అటక ఎక్కించినవాళ్ళు మా గాజువాకలోనే నాకు తెలుసు. వాళ్ళలో కొందరివి నాదానికంటే ఖరీదైనవి కూడా. ఇన్నాళ్ళ వాడకంలో నాకు గట్టిగా స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ చికిత్స నిలబడినా చెడినా మాస్కు దగ్గరే. యంత్రం ఏ కంపెనీదన్న చర్చ ఆ తరువాతే. అందుకే నేను వాడుతున్న బ్రాండు పేరు ఇక్కడ రాయడం లేదు. గాలి ఒత్తిడిని తనంతట తానే సర్దుకునే ఆటో రకం యంత్రాలు వాడే ఎవరికైనా ఈ అనుభవం పనికివస్తుందని నమ్ముతున్నాను.

షిఫ్టుల్లో పనిచేసేవాడికి పగటి మత్తు కొత్త కాదు కాబట్టి, ఎంత పడుకున్నా తీరని అలసటను చాలాకాలం అందరం డ్యూటీ ఖాతాలోనే వేశాం. జబ్బును ముందుగా పట్టుకున్నది నా భార్య. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతోందనీ, ఛాతీ ఎగిసిపడుతున్నా గాలి లోపలికి వెళ్ళడం లేదనీ, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు పెద్ద ఊపిరి తీసుకుని మళ్ళీ గురకలో పడుతున్నాననీ ఆమె వైద్యుడికి చెప్పింది. నిద్ర పరీక్ష నివేదికలోని గీతలు ఆమె చెప్పినదానికి అచ్చంగా సరిపోయాయి. శ్వాస కనీసం 10 సెకన్లపాటు ఆగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగినవీ, బాగా సన్నగిల్లినవీ కలిపి గంటకు సగటున ఎన్ని వచ్చాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. పెద్దవాళ్ళలో అది 5 లోపు ఉంటే సాధారణం, 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది 40 దాటింది. రక్తంలో ఆక్సిజన్ కొన్నిసార్లు 80 శాతం కంటే కిందికి జారింది.

చికిత్స సూత్రం సులువైనదే. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక, మెత్తటి అంగిలి వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. మాస్కు ద్వారా నిరంతరం వచ్చే స్వల్ప ఒత్తిడి ఆ దారి గోడలు ఒకదానికొకటి అంటుకుపోకుండా లోపలినుంచి నిలబెడుతుంది. ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ బృందం రూపొందించిన ఈ పద్ధతి 1981లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. యంత్రం గదిలోని గాలినే వడగట్టి పంపుతుంది, ఆక్సిజన్ ఇవ్వదు. ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచడం అవసరం. 2021 నాటి కోవిడ్ రోజులు చూసిన ఇళ్ళలో ముఖానికి మాస్కూ గొట్టమూ కనిపిస్తే ఐసీయూయే గుర్తుకొస్తుంది. నన్ను మొదటిసారి అలా చూసిన మా అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి, “ఏరా, ఆక్సిజన్ పెట్టేదాకా వచ్చిందా? నాకెందుకు చెప్పలేదు?” అని అడిగింది. గొట్టం చివర ఆమె చెయ్యి పెట్టించి, “ఇది మన గదిలో గాలేనమ్మా” అని చూపించాకే ఆమె కుదుటపడింది.

ఇక మాస్కు. ముక్కు రంధ్రాలకు మెత్తగా ఆనే పిల్లో రకం, ముక్కును మాత్రమే కప్పే నేసల్ రకం, ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఫుల్ ఫేస్ రకం అని ప్రధానంగా మూడున్నాయి. నాకు మొదట అంటగట్టినది ఫుల్ ఫేస్. కొలత తీసుకున్న పద్ధతి చెబితే సమస్య అర్థమవుతుంది: కుర్చీలో కూర్చోబెట్టి, యంత్రం ఆపి ఉండగా, మాస్కును ముఖానికి ఆనించి, సరిపోయిందని తేల్చారు. మనిషి వెల్లకిలా పడుకోగానే బుగ్గల కండ జారి ముఖం ఆకారమే మారుతుంది. పక్కకు ఒత్తిగిలితే దిండు మాస్కు అంచును నెడుతుంది. తెల్లవారుజామున యంత్రం ఒత్తిడి పెంచినప్పుడు, అప్పటిదాకా కుదురుగా ఉన్న అంచు కూడా లేస్తుంది. ఆ లేచిన చోటునుంచి గాలి నేరుగా కంట్లోకి కొడుతుంది. కళ్ళు మండుతూ మెలకువ వస్తుంది. ఎవరైనా అప్పుడు చేసే పని పట్టీలు బిగించడమే. పట్టీ బిగిసేకొద్దీ సిలికాన్ అంచు నలిగి ఇంకోచోట లీకు మొదలవుతుంది, ముక్కుదూలం మీద ఎర్రటి గాడి పడుతుంది, కొన్నాళ్ళకు అక్కడ చర్మం ఒరుసుకుపోతుంది.

దీన్ని సరిచేసిన పద్ధతి నాకు నేర్పింది నిద్ర పరీక్ష చేసిన సాంకేతిక నిపుణుడు. పట్టీలు వదులుగా పెట్టుకుని, పడుకుని, యంత్రం నడుస్తుండగా మాస్కును రెండు వేళ్ళతో పట్టుకుని ముఖంనుంచి కొద్దిగా పైకి లాగి వదలాలి. గాలికి సిలికాన్ పొర ఉబ్బి, తన స్థానం తాను వెతుక్కుని కూర్చుంటుంది. ఆ తరువాతే పట్టీలను రెండు వైపులా సమానంగా, లీకు ఆగేంతవరకు మాత్రమే బిగించాలి. సైకిల్ ట్యూబును గాలి లేకుండా చక్రానికి తొడిగితే ముడతలు పడి, కొంచెం గాలి కొట్టాక చక్కగా సర్దుకున్నట్టే ఇదీను. మాస్కు కొనేటప్పుడు కూడా ఇలాగే, పడుకోబెట్టి, వైద్యుడు రాసిన ఒత్తిడి దగ్గర యంత్రం నడిపి చూపించమని అడగాలి. మంచం లేని దుకాణంలో మాస్కు కొనవద్దని నేను అందరికీ చెబుతాను.

చివరికి నాకు కుదిరింది పిల్లో రకం. దానికి కారణం నా మీసం. దట్టమైన మీసం మీద ఫుల్ ఫేస్, నేసల్ అంచులు పూర్తిగా అతుక్కోవు. పిల్లో రకం మీసానికి పైన, రంధ్రాల దగ్గరే ఆనుతుంది. అయితే నిద్రలో నోరు తెరిచే అలవాటు ఉన్నవాళ్ళకు గాలి నోటి గుండా పోయి ఉదయానికి నాలుక ఎండిపోతుంది. వాళ్ళకు గడ్డం కింద పట్టీయో, ఫుల్ ఫేస్ మాస్కో తప్పదు. మరొక జాగ్రత్త: కొన్ని మాస్కులకు అయస్కాంతపు క్లిప్పులుంటాయి. పేస్‌మేకర్ వంటివి శరీరంలో అమర్చుకున్నవాళ్ళు వాటిని వాడకూడదు. మాస్కు పెట్టుకునేవారికే కాక, పక్కన పడుకునేవారికీ ఇది వర్తిస్తుంది. ఈ మేరకు ప్రధాన తయారీ సంస్థలు 2022, 2023 సంవత్సరాల్లో హెచ్చరికలు కూడా విడుదల చేశాయి.

తల నూనె సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. కొబ్బరి నూనె పట్టిన తలమీద పట్టీలు జారతాయి, జిడ్డు ముఖం మీద సిలికాన్ నిలవదు, పైగా నూనెకు ఆ పొర త్వరగా పాడవుతుంది. నేను నూనె పెట్టుకోవడం ఉదయం స్నానానికి ముందుకు మార్చుకున్నాను. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కుని పొడిగా తుడుచుకుంటాను. లీకు తగ్గించడంలో ఏ ఖరీదైన ఉపకరణానికీ ఇది తీసిపోలేదు.

మొదటి వారాల్లో అందరినీ బెదిరించేది ఊపిరాడని భావన. యంత్రం సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య పనిచేస్తుంది. నిద్రపట్టేదాకా తక్కువ ఒత్తిడితో మొదలయ్యే ర్యాంప్ అనే సౌకర్యం ఉంటుంది. అది 4 దగ్గర మొదలైనప్పుడు నాకు గాలి చాలక ఉక్కిరిబిక్కిరిగా అనిపించేది. ఒత్తిడి ఎక్కువై అలా ఉందని ఇంట్లో అందరూ అనుకున్నారు. వైద్యుడు వివరాలు విని, ప్రారంభ ఒత్తిడిని 6కు పెంచారు. ఆ రాత్రినుంచే తేడా తెలిసింది. ఊపిరాడడం లేదంటే ఒత్తిడి తగ్గించడమే మార్గమని అనుకోనక్కరలేదు, చాలామందికి పెంచడమే పనిచేస్తుంది; కాకపోతే ఆ నిర్ణయం వైద్యుడిది. భయం తగ్గడానికి నాకు పనికివచ్చింది మెలకువలో అలవాటు చేసుకోవడం. సాయంత్రం టీవీ ముందు కూర్చుని, మొదట మాస్కు మాత్రమే, తరువాత గాలితో సహా పెట్టుకునేవాణ్ణి. నిద్రతో పోరాటం లేనప్పుడు మాస్కు తొందరగా మచ్చికవుతుంది. కడుపులోకి గాలి పోయి పొద్దున్నే ఉబ్బరంగా ఉండడం కొంతకాలం బాధించింది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే సెట్టింగు పెట్టాక అది సర్దుకుంది.

విశాఖపట్నం వాతావరణానికి సంబంధించి ప్రత్యేకంగా చెప్పవలసింది తేమ గురించి. సముద్రపు గాలి, ఉక్కపోత ఉన్న ఊళ్ళో, యంత్రం పంపే గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ ఎందుకనిపిస్తుంది. కిటికీలు తీసి, ఫ్యాను కింద పడుకునే రాత్రుల్లో నిజంగానే దాని అవసరం తక్కువ. అప్పుడు మాస్కు కింద చెమట పట్టి అంచు జారడమే పెద్ద సమస్య. ఏసీ వేయగానే లెక్క తిరగబడుతుంది. ఏసీ గది గాలి పొడిబారి ముక్కు బిగుసుకుంటుంది, హ్యుమిడిఫయర్ తప్పనిసరి అవుతుంది. అలాగని తేమ బాగా పెంచితే, వెచ్చటి తడిగాలి చల్లటి గొట్టంలో నీటి బొట్లుగా మారి, అర్ధరాత్రి చెవి పక్కన గుడగుడమని చప్పుడు చేస్తుంది, ఒక్కోసారి ముక్కులోకి చిందుతుంది. ఏసీని 26 దగ్గర ఉంచడం, గొట్టానికి గుడ్డ తొడుగు వేయడం, నీళ్ళు వెనక్కి జారేలా యంత్రాన్ని మంచం కంటే తక్కువ ఎత్తులో పెట్టడం: ఈ మూడూ కలిసి నాకు ఆ చప్పుడు వదిలించాయి. నీళ్ళు మాత్రం డిస్టిల్డ్ వాటరే పోయాలి. బ్యాటరీల కోసం అమ్మే నీళ్ళను నేను వాడను, మందుల షాపులో స్పష్టంగా డిస్టిల్డ్ అని రాసి ఉన్నదే తెస్తాను.

షిఫ్టు ఉద్యోగులకు ఒక మాట. నా యంత్రం రోజును మధ్యాహ్నం 12 నుంచి మరునాటి మధ్యాహ్నం 12 వరకు లెక్కిస్తుంది. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, ముగించుకుని వచ్చి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా పడుకుంటే, ఆ ఒక్క నిద్ర రెండు రోజుల ఖాతాల్లోకి విడిపోతుంది. ఒక రోజు 4 గంటలు, ఇంకో రోజు 2 గంటలు అని చూపించే ఆ నివేదిక చూసి సరిగా వాడడం లేదని ఎవరైనా అనుకోవచ్చు. రాత్రికి కనీసం 4 గంటలు, 70 శాతం రాత్రుల్లో వాడితే క్రమంగా వాడినట్టని చాలాచోట్ల కొలమానంగా తీసుకుంటారు కాబట్టి, షిఫ్టు పట్టికను వైద్యుడికి నివేదికతో పాటు చూపించడం మంచిది.

కరెంటు పోతే మాస్కు వెంటనే తీసేయాలి, ఎందుకంటే యంత్రం ఆగిపోతే మాస్కులో మనం వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తరువాత ఈ నగరంలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడివారెవరూ మరచిపోలేదు. ఇంటి ఇన్వర్టర్ మీద యంత్రం సులభంగానే నడుస్తుంది. నీటిని వేడిచేసే భాగాన్ని ఆపేస్తే విద్యుత్ వాడకం బాగా తగ్గి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. రాత్రి రైలు ప్రయాణాల్లో బెర్తు దగ్గరి ప్లగ్గును నమ్ముకోను. అది ఫోను, ల్యాప్‌టాప్‌ల కోసం పెట్టినది, రాత్రిపూట దానికి కరెంటు ఆపేసే అవకాశమూ ఉంది. విడి బ్యాటరీ తీసుకెళతాను, హ్యుమిడిఫయర్‌లో నీళ్ళు పారబోసి సర్దుకుంటాను.

శుభ్రత విషయంలో శ్రమ తక్కువే. మాస్కు మెత్తటి భాగాన్ని రోజూ, గొట్టాన్ని వారానికోసారి, గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి కడిగి నీడలో ఆరబెడతాను. ఫిల్టర్ సంగతి మాత్రం మా ప్రాంతంలో వేరు. కొత్త ఫిల్టర్ మల్లెపువ్వంత తెల్లగా ఉంటుంది. గాజువాక దుమ్ముకు అది నెల తిరక్కుండానే బొగ్గు రుద్దిన గుడ్డలా తయారవుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళెవరూ ఫిల్టర్ డబ్బుల దగ్గర వెనుకాడరు. ఓజోన్‌తో శుభ్రం చేసే పరికరాల జోలికి నేను వెళ్ళలేదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ, లోపలి శబ్దనిరోధక ఫోమ్ శిథిలమయ్యే ప్రమాదం ఉందని లక్షలాది యంత్రాలను వెనక్కి పిలిచినప్పుడు, ఆమోదం లేని ఓజోన్ శుభ్రత ఆ శిథిలతను పెంచవచ్చని కూడా చెప్పింది. పాత యంత్రం చేతులు మారి వచ్చేటప్పుడు ఆ జాబితాలో ఉందేమో చూసుకోవాలి.

ఫలితం సూటిగా చెబుతాను. ఏహెచ్ఐ ఇప్పుడు చాలా రాత్రులు 3 లోపే ఉంటోంది. ఉదయపు తలనొప్పి పోయింది. మూత్రానికని రాత్రి పదేపదే లేవడం దాదాపు ఆగింది. అది ఈ జబ్బు లక్షణమేనని నాకు ఆ తరువాతే తెలిసింది. షిఫ్టు బస్సులో కూర్చోగానే తల వాలిపోవడం లేదు. నా భార్య మళ్ళీ అదే గదిలో నిద్రపోతోంది, మాస్కు రంధ్రాల గాలి తనవైపు తగలకుండా మాత్రం నేను గోడవైపు తిరిగి పడుకుంటాను. బీపీ మాత్ర ఆగలేదు. బరువు దానంతట అది తగ్గలేదు, దానికోసం విడిగా పాటుపడవలసి వస్తోంది. స్థూలకాయంతో కూడిన అప్నియాకు టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ మందును 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. అది తమకు తగునో కాదో వైద్యుడితో తేల్చుకోవలసిన విషయం.

ఖర్చు దగ్గరికి వస్తే, యంత్రానికి నాకు 50 వేల రూపాయలు దాటింది. మాస్కులకు, ఫిల్టర్లకు అయ్యేది వేరు. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఇంట్లో వాడే సీప్యాప్‌కు చెల్లించవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకమైన సీజీహెచ్ఎస్ కిందికి వచ్చేవారు ముందస్తు అనుమతితో తిరిగి పొందే వీలుంది. యంత్రాలు నెల అద్దెకు కూడా దొరుకుతున్నాయి కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవారు తొలి నెలలు అద్దె యంత్రంతో గడిపి, మిగిలే డబ్బును తమ ముఖానికి కుదిరే మాస్కు వెతకడానికి ఖర్చుపెట్టడం మేలు. కొనేటప్పుడు, కుదరని మాస్కును ఎన్నాళ్ళలోపు మార్చి ఇస్తారో అడిగి, ఆ గడువును బిల్లు మీదే రాయించుకోండి.