ఆక్వా మేతల దుకాణానికి కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: సమీక్ష

భీమవరం పరిసరాల్లో రొయ్యల మేత వ్యాపారం ఎక్కువగా అరువు మీదే నడుస్తుంది కాబట్టి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా ముందు చూడవలసింది రైతు ఖాతా. మా దుకాణానికి కొన్న ప్యాకేజీ బిల్లును తెలుగులో స్పష్టంగా ముద్రిస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా ఆగదు, గడువు తీరబోయే సరుకును ముందే చూపిస్తుంది.

లోపం ఖాతాలోనే ఉంది. రొయ్యలకు వైట్ స్పాట్ వ్యాధి సోకి ముందుగానే పట్టుబడి చేసిన (చెరువులోని రొయ్యలను పట్టి అమ్మేసిన) రైతు మిగిలిన మేత బస్తాలను తిరిగి ఇస్తాడు. ఆ వాపసును నమోదు చేస్తే స్టాకులో బస్తాలు పెరిగేవి గానీ రైతు బాకీ తగ్గేది కాదు, పైగా దాని మీద వడ్డీ పడుతూనే ఉండేది. పంట పోయిన రైతు మీదనే, వాడని మేతకు కూడా అప్పు నిలబడడం చిన్న విషయం కాదు. ఒక రైతు తన పుస్తకం తెచ్చి చూపించాకే ఇది బయటపడింది. కంపెనీని అడిగితే కొత్త వెర్షన్‌లో సరిచేశామన్నారు. నిజంగానే సరిచేశారు, అయితే ఆ సంగతి మాకు ముందుగా తెలపలేదు, అప్పటికే తప్పిన ఖాతాలను మేమే చేత్తో దిద్దుకోవలసి వచ్చింది.

ప్రమాదకరమైన వస్తువులను, సేవలను వెనక్కి తీసుకోవాలని ఆదేశించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. లెక్కలను మాత్రమే పాడుచేసే సాఫ్ట్‌వేర్‌కూ ఆ రక్షణ విస్తరించాలి. సాఫ్ట్‌వేర్ వస్తువే కాదన్న వాదన నిలవదు: టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో, రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అమ్మకపు పన్నుకు వస్తువేనని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. పన్ను వేయడానికి వస్తువైనది, లోపానికి జవాబు చెప్పవలసి వచ్చేసరికి కాకుండా ఎలా పోతుంది? ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఆదేశం లోపాల వల్ల కలిగే నష్టానికి బాధ్యత వహించవలసిన ఉత్పత్తుల్లో సాఫ్ట్‌వేర్‌ను స్పష్టంగా చేర్చింది.

ప్రతి చిన్న పొరపాటుకూ ఈ చట్టం అక్కరలేదు. డబ్బు లెక్కనో మనిషి ప్రాణాన్నో తాకే లోపం తెలిసిన వెంటనే, కొన్న ప్రతి ఒక్కరికీ రాతపూర్వకంగా తెలపాలి, తప్పిన నమోదుల జాబితా ఉచితంగా తీసి ఇవ్వాలి, సరిచేయలేకపోతే సొమ్ము వాపసు చేయాలి. ఇది చిన్న కంపెనీలకు భారమన్న మాటను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే ఏటా రెన్యువల్ సొమ్ము కోసం ఫోను చేయడానికి అందరి నంబర్లూ వారి దగ్గర ఉంటున్నాయి.

నగదు అమ్మకాలకు ఈ ప్యాకేజీ సరిపోతుంది. అరువు ఖాతాలున్న దుకాణదారులు మాత్రం కొనే ముందే ఒక వాపసు నమోదు చేయించి బాకీ తగ్గుతోందో లేదో చూసుకోవాలి, లోపం బయటపడితే తెలియజేస్తామన్న హామీని ఒప్పందంలో రాయించుకోవాలి.