కొనుక్కునే విల్లా, నెలకు కట్టే గది: బెజవాడలో పెద్దవాళ్లకు ఏది మేలు?

పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడిన దంపతులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. గన్నవరం వైపో, మంగళగిరి దాటాకో పెద్దవాళ్ల కోసమే కట్టిన విల్లా కొనుక్కోవాలా, లేక ఊళ్లోనే నెలకింత అని కట్టి, భోజనమూ నర్సూ ఉన్న హోములో చేరాలా?

కాళ్లూ చేతులూ ఆడినంత కాలం విల్లా హాయి: మొక్కలు పెంచుకోవచ్చు, తోటివాళ్లతో పొద్దున్నే నడవవచ్చు, పైగా ఇల్లు సొంతం. అయితే చూడటానికి వెళ్లినవాళ్లు క్లబ్ హౌస్ చూసి మురిసిపోతారు గాని, మంచాన పడితే ఏమిటని అడగరు. నా దృష్టిలో తేల్చవలసినది అదొక్కటే. తుంటి ఎముక విరిగితే ఆపరేషను ఏ ఆసుపత్రిలోనైనా చేస్తారు. అసలు కష్టం డిశ్చార్జి అయ్యాక, పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్కకు తిప్పే మనిషి రాత్రి కూడా కావలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. తమ పనులు తాము చేసుకోగలవారికే అని అగ్రిమెంటులో ఉంటే, ఆ మనిషిని మీరే వెతుక్కోవాలి. ఊరికి దూరంగా రాత్రి డ్యూటీకి ఆయా దొరకడం తేలిక కాదు. బాత్రూము తలుపును కూడా టేపుతో కొలవండి. చక్రాల కుర్చీ తేలికగా తిరగాలంటే 90 సెంటీమీటర్లు ఉండాలి. రెండున్నర అడుగుల తలుపులో మోచేతులు గీసుకుపోతాయి.

అందుకే డెబ్బై దాటినవారికి నేను ఊళ్లోని హోమే మేలంటాను. లోపాలు లేకపోలేదు. గది చిన్నది, ఆవకాయ జాడీకి చోటుండదు, పత్యం పేరిట వండే చప్పిడి కూర గుంటూరు వాళ్లకు శిక్షే. కాని నచ్చకపోతే నోటీసు ఇచ్చి బయటికి రావచ్చు, విల్లాను అలా వదిలించుకోలేము. డిపాజిట్టు ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో, ఏటా ఎంత పెంచుతారో, మంచాన పడ్డాక కూడా ఉంచుకుంటారో లేదో కాగితం మీద రాయించుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండటం చూశాం కనుక, ఆ వైపు కింది అంతస్తులో గది తీసుకోవద్దు.

సొంత ఫ్లాటులోనే ఆయాను పెట్టుకోవడం ఆమె నాగా పెట్టనంత వరకే సుఖం. ట్రస్టుల ఉచిత ఆశ్రమాలు దిక్కులేనివారికి ఉద్దేశించినవి, వాటిని వారికే వదలాలి.

డెబ్బై లోపు వయసులో ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటే విల్లాను కొనకుండా ముందు ఏడాదిపాటు అద్దెకు తీసుకుని చూడవచ్చు. హోములో చేరేవారికి నెలసరి ఖర్చులో కొంత భాగం సత్యనారాయణపురంలోనో బ్రాడీపేటలోనో ఉన్న పాత ఇంటి అద్దె నుంచే రావాలి కనుక, చేరే హడావుడిలో ఆ ఇంటిని పిల్లల పేరున గిఫ్టు డీడు రాయకండి. రాయక తప్పకపోతే పోషణ బాధ్యతను షరతుగా దస్తావేజులోనే పెట్టించండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టం 23వ సెక్షను కింద రద్దు కోరవలసి వస్తే ట్రిబ్యునల్ ముందు ఆ షరతే ఆధారమవుతుంది.