మార్చింగ్ స్టిక్స్, రబ్బరు ప్యాడ్: ట్రిక్స్ సాధనలో ఏళ్ళపాటు వాడాక

కర్నూలులో స్కూలు బ్యాండ్ పిల్లలకు సైడ్ డ్రమ్ నేర్పిస్తాను. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు చెందిన టాప్ సీక్రెట్ డ్రమ్ కోర్ అనే డ్రమ్ముల బృందం వీడియోలు ఫోన్‌లో చూసి వచ్చి, "మాకు గూడా అట్ల కర్రలు తిప్పేది నేర్పియ్యండి సార్" అని పట్టుబడతారు. నాకూ ఆ ట్రిక్స్ అంటే ప్రాణం. వాటి సాధనకు నేను చాలాకాలంగా వాడుతున్నవి రెండు: హికరీ చెక్కతో చేసిన మార్చింగ్ స్టిక్స్, అంటే పరేడ్ డ్రమ్ము వాయించే కర్రలు, ఇంకా డ్రమ్ముకు బదులు తక్కువ చప్పుడుతో సాధన చేసుకునే 12 అంగుళాల రబ్బరు ప్యాడ్. రెండింటికీ డబ్బు సరిపోకపోతే ముందు స్టిక్స్ కొనండి.

కారణం బరువు. డ్రమ్‌సెట్‌కు వాడే సన్నటి 5ఏ సైజు స్టిక్ వేళ్ళ మధ్య గిర్రున తిరుగుతుంది కానీ, ఎంతవరకు తిరిగిందో చేతికి తెలియదు. మార్చింగ్ స్టిక్ లావుగా, దాదాపు 17 అంగుళాల పొడవుంటుంది. తిప్పుతున్నంతసేపూ దాని బరువు బొటనవేలికి తెలుస్తూనే ఉంటుంది. బ్యాక్‌స్టిక్‌లో, అంటే కర్రను తిప్పి లావుపాటి మొదలుతో కొట్టేటప్పుడు, ఈ తేడా బాగా తెలుస్తుంది. చిన్నపిల్లలకు మాత్రం ఇవి బరువెక్కువ. హైస్కూల్ పై తరగతుల వాళ్ళకే ఇస్తాను.

పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ప్రకటించిన జాబితాలో 40 రూడిమెంట్లు, అంటే డ్రమ్ము వాయించడంలో ప్రాథమిక దెబ్బల వరసలు, ఉన్నాయి. బ్యాక్‌స్టిక్ మొదలుపెట్టడానికి వాటిలో పారాడిడిల్ ఒక్కటి చాలు. కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. మొదటి కుడి దెబ్బను మొదలుతో కొట్టండి. అంతకుముందు ఎడమ చెయ్యి వరుసగా రెండు దెబ్బలు వేస్తుంది కాబట్టి, కర్ర తిప్పడానికి ఆ రెండు దెబ్బల వ్యవధి దొరుకుతుంది. మళ్ళీ మామూలుగా పట్టుకోవడానికి దొరికేది ఒక్క ఎడమ దెబ్బ వ్యవధే. చాలామంది తడబడేది ఇక్కడే. తాళం వేసే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, వెనక్కి తిప్పే భాగం మీదే సాధన చేయించాలి. ఫోన్‌లో రికార్డు చేసి, కళ్ళు మూసుకుని వినండి. కర్ర మొదలుతో కొట్టిన దెబ్బ కాస్త బరువుగా వినిపించవచ్చు, తాళం మాత్రం కదలకూడదు. తాళం తప్పితే ఆ ట్రిక్ ఇంకా పరేడ్‌కు పనికిరాదు.

ఇక ప్యాడ్. అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా వాయించుకోగలుగుతున్నానంటే దీని పుణ్యమే. రబ్బరు ఇన్నాళ్ళయినా చిరగలేదు, మొదలు తగిలే చోట నున్నబడింది, అంతే. లోపం ఏమిటంటే దీనికి అంచు లేదు. రిమ్‌షాట్లు (అంచునూ తోలునూ ఒకేసారి కొట్టే దెబ్బలు), అంచు మీద క్లిక్‌లు ప్యాడ్ మీద రావు, వాటికి అసలు డ్రమ్ముండాల్సిందే. పైగా మా స్కూలు డ్రమ్ము నడుముకు ఏటవాలుగా వేలాడుతుంది. బల్ల మీద ప్యాడ్ చదునుగా ఉంటుంది. అందుకే పరేడ్ దగ్గరపడ్డాక నేను ప్యాడ్ పక్కన పెట్టేస్తాను.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటితే చేతుల చెమటకు స్టిక్ జారుతుంది. పరేడ్‌లో దూరానికి కనబడాలని కర్రలకు తెల్ల ఇన్సులేషన్ టేపు చుడతాం, ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే. టేపు ఉంటే చెక్క కూడా డ్రమ్ము అంచు దెబ్బలకు తొందరగా చెదరదు. కానీ ఎండకు టేపు జిగురు కరిగి అంచుల్లోంచి బయటికొస్తుంది. వేళ్ళకు అంటుకుని కర్ర సగంలోనే ఆగిపోతుంది. వేలు పట్టే చోట టేపు లేకుండా వదిలేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. రెండు కర్రలకూ టేపు ఒకే కొలతలో ఉండాలి, లేదంటే బరువు తేడా వస్తుంది.

ఇక్కడి షాపుల్లో నాకు దొరికినవన్నీ డ్రమ్‌సెట్ స్టిక్సే. మార్చింగ్ స్టిక్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. రాగానే గచ్చు మీద దొర్లించి వంకర ఉందేమో చూడండి. తర్వాత ఒక్కొక్కదాన్నీ బల్ల మీద కొట్టి వినండి. రెండూ ఒకే శ్రుతిలో పలకకపోతే వెంటనే వెనక్కి పంపేయండి.