ఫిమాయ్‌కా, ఫనోమ్ రుంగ్‌కా?

థాయ్‌లాండ్ ఈశాన్యంలోని ఇసాన్ పల్లెసీమలో పాత ఖ్మేర్ (కంబోడియా రాజ్యం నాటి) గుడి ఒక్కటే చూసే టైం ఉంటే ఎటు వెళ్లాలి?

ప్రయాణం: ఫిమాయ్ కోరాత్ నగరానికి సుమారు 60 కి.మీ. దూరం. బస్సు దిగి నడిచి వెళ్లిపోవచ్చు. ఫనోమ్ రుంగ్‌కైతే నాంగ్ రోంగ్‌లో దిగి బైకో కారో మాట్లాడుకోవాలి, ఖర్చు అక్కడే పెరుగుతుంది.

శ్రమ: ఫిమాయ్ మూన్ నది పక్కన, చదును నేల. ఫనోమ్ రుంగ్ చల్లారిన అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున. మోకాళ్ల నొప్పులుంటే ఆ మెట్లు కష్టమే.

చరిత్ర: ఫిమాయ్ మహాయాన బౌద్ధ ఆలయం, అయినా రాళ్ల మీద రామాయణం కనిపిస్తుంది. ఆంగ్‌కోర్ వైపు చూస్తున్నట్టు దక్షిణానికి తిరిగి ఉంటుంది.

ఫనోమ్ రుంగ్ శివాలయం. ద్వారం పైరాతి మీద శేషతల్పంపై పడుకున్న విష్ణువు, నాభి నుంచి లేచిన తామర, దాని మీద బ్రహ్మ. మన గుళ్లలో చూసిన శిల్పమే కదా అని గుండె ఝల్లుమంటుంది. 1960లలో ఈ రాతిని ఎవరో ఎత్తుకుపోతే చికాగో మ్యూజియంలో తేలింది. థాయ్ ప్రజలు పట్టుబట్టి అడిగారు, 1988లో తిరిగొచ్చింది.

రిస్క్: ఏప్రిల్ మొదట్లో ఫనోమ్ రుంగ్‌లో సూర్యోదయం 15 ద్వారాల గుండా దూసుకొస్తుంది. కానీ మబ్బు పడితే అంతే, పైగా జనం, ఎండ.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే, బడ్జెట్ తక్కువైతే ఫిమాయ్. బండి, ఒక పూర్తి రోజు చేతిలో ఉంటే మాత్రం కొండే ఎక్కండి.