గాలి రాకెట్: తొక్కుడుదా, నీళ్ళదా, పైపు ట్యాంకుదా? ఏది మేలు?

సైకిల్ పంపు, పీవీసీ పైపు ముక్క, ఒక వాల్వ్ చేతికి దొరికితే ఎనిమిదో తరగతి గుంటడికి ముందుగా తోచేది బీబీ గన్. అందులో గుండు 4.5 మిల్లీమీటర్ల ఉక్కు పూస. ఇంట్లో చేసిన గొట్టంలోంచి అదెటు పోతుందో చేసినవాడికే తెలీదు, కంటికి తగిలిందంటే కన్ను పోయినట్టే. అవే సామాన్లతో, అదే గాలి సూత్రంతో రాకెట్ చేసుకోవచ్చు, సైన్స్ ఫెయిర్‌లోనూ పెట్టుకోవచ్చు. చేసే పద్ధతులు మూడున్నాయి. వదిలే ముందు గాలిని ఎక్కడ, ఎంతసేపు బిగబట్టి ఉంచుతున్నాం అన్నదాన్ని బట్టే వాటి మంచీచెడూ తేలుతుంది.

తొక్కుడు రాకెట్‌లో గాలి నిలవుండదు. సీసాను కాలితో తొక్కితే అందులోని గాలి, పైపు కొసకు తొడిగిన కాగితం రాకెట్‌ని ఎగరేస్తుంది. 2 లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, మూరెడు పాత సైకిల్ ట్యూబు, కరెంటు వైరింగుకు వాడే 20 ఎం.ఎం. పైపు ఉంటే చాలు. ట్యూబు ఒక కొస సీసా మూతికి, రెండో కొస పైపుకు తొడిగి, ట్యూబు నుంచే కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కట్టాలి. పైపును ఇటుకల మధ్య నిలబెట్టి, ఎగరేసేవాళ్ళకు అవతలి వైపుకి కాస్త వాల్చి పెట్టాలి.

ఆట చెడేది ఎక్కువగా కాగితం దగ్గరే. ఎ4 కాగితాన్ని నిలువుగా సగానికి కోస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. పైపు చుట్టుకొలత 63 కాబట్టి ఒకటిన్నర చుట్టు పైనే పడుతుంది. నేరుగా పైపు మీద చుట్టేస్తే రాకెట్ పట్టేస్తుంది. ముందు పైపుకు ఒక పొర కాగితం చుట్టి, దాని మీద రాకెట్ చుట్టి అతికించాక లోపలి పొర లాగేయాలి. పైపు మీద పెట్టి వదిలితే తన బరువుకు తానే మెల్లగా దిగాలి. టకామని పడిపోతే వదులెక్కువ, గాలంతా పక్కనుంచి పోతుంది. ముక్కు దగ్గర కాగితం మడిచి మూడు నాలుగు పొరల టేపు వేయాలి. ఒక్క పొరతో సరిపెడితే తొక్కగానే ముక్కు ఊడి ఎగురుతుంది, ఒళ్ళు అక్కడే ఉంటుంది. రెక్కలకు పాత శుభలేఖ అట్ట బాగుంటుంది, మూడు చాలు.

తొక్కిన సీసా నొక్కుకుపోతుంది. పైపు కొసకు పిడికిలి చుట్టి, పిడికిలిలోంచి ఊదితే మళ్ళీ ఉబ్బుతుంది. తొక్కగా తొక్కగా సీసా మడత దగ్గర చీలుతుంది, కాబట్టి రెండు మూడు అదనంగా ఉంచుకోండి. ప్రమాదమల్లా, ఒకడు పైపులోకి తొంగి చూస్తుంటే ఇంకొకడు తొక్కడమే.

నీళ్ళ రాకెట్ దీనికంటే చాలా ఎత్తుకి పోతుంది, ఫిజిక్సూ ఎక్కువ నేర్పుతుంది. ఇక్కడ ఎగిరేది సీసాయే. గ్యాస్ ఉన్న డ్రింకు సీసానే వాడాలి, మంచినీళ్ళ సీసా పలుచన, ఒత్తిడికి ఆగదు. 2 లీటర్ల సీసాలో 600 నుంచి 700 మిల్లీలీటర్ల నీళ్ళు, అంటే మూడో వంతు. నీళ్ళు లేకుండా కొడితే బుస్సుమని కాస్త ఎగిరి పడిపోతుంది. సగానికి మించి పోస్తే బరువెక్కుతుంది, తోసే గాలికి చోటూ తగ్గుతుంది. ల్యాబ్‌లో దొరికే రబ్బరు బిరడాకు సన్న కంత చేసి, బంతికి గాలి కొట్టే సూదిని దూర్చితే మొదటి లాంచరు తయారు. బిరడా పట్టు తప్పినప్పుడే ఎగురుతుంది కాబట్టి ఎప్పుడు లేస్తుందో మన చేతిలో ఉండదు, అందుకే పంపు ట్యూబు పొడుగ్గా ఉండాలి. తాడు లాగితే విడిచే క్లిప్పు పెట్టుకుంటే మీటరున్న పంపుతో 40 నుంచి 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు కొట్టొచ్చు. పంచర్ షాపు కంప్రెసర్ జోలికి పోవద్దు, ముల్లు చూసేలోపే దాటిపోతుంది.

రెక్కల్ని వేడి జిగురుతో అతికిస్తే ఆ వేడికి సీసా మెత్తబడి ముడుచుకుంటుంది. టేపు గానీ, సిలికాన్ గానీ వాడండి. ముక్కులో ఒక ముద్ద బంకమట్టి పెట్టి, రాకెట్ సరిగ్గా తూగేచోట దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడండి. ముక్కు ముందుకే ఉంటే సరే, తోకో పక్కో ముందుకొస్తే మట్టి పెంచండి. గీత పడ్డ సీసా, మడత తెల్లబారిన సీసా పక్కన పడేయాల్సిందే. గాలి ఎక్కించాక ఎగరకపోతే దగ్గరకు వెళ్ళకూడదు. గాలి దింపే వాల్వ్ ఒకటి పంపు వైపే పెట్టుకోవాలి.

మూడోది, పీవీసీ పైపుతో ట్యాంకు కట్టి, పంపుతో నింపి, వాల్వ్ తిప్పి కాగితం రాకెట్‌ని కొట్టడం. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ ఇది వద్దు. పొలం మోటారు పైపు మీద '6 కేజీ' అని ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 6 కేజీల ఒత్తిడి ఆగుతుందని. 60 పీఎస్‌ఐ అంటే 4 కేజీల పైచిలుకే కదా, ఆగుతుందిలే అనిపిస్తుంది. ఆ అంకె నీళ్ళకు రాసింది. నీళ్ళు నొక్కుకోవు, పైపు పగిలితే ఒత్తిడి అక్కడికక్కడే చచ్చిపోతుంది. గాలి అలా కాదు, పగిలాక కూడా వ్యాకోచిస్తూ పెంకుల్ని విసురుతుంది. పీవీసీ చీలి ఊరుకోదు, పదునైన ముక్కలై ఎగురుతుంది. పైగా వేడెక్కేకొద్దీ దాని బలం తగ్గుతుంది. మే నెల ఎండలో మేడ మీద పెట్టిన పైపు గాలి కంటే ఎక్కువ కాగుతుంది. కూల్‌డ్రింక్ సీసాకూ (దాని ప్లాస్టిక్ పేరు పీఈటీ) ఎండ పడదు, కానీ అది పగిలినా ఎక్కువగా చీలుతుంది, పెంకులు కాదు. అయినా కళ్ళద్దాలు మానొద్దు.

అంత కష్టపడ్డా వాల్వ్ దగ్గర నిరాశే. బాల్ వాల్వ్‌ను చేత్తో తిప్పేలోపు రాకెట్ సగం తెరిచిన దారిలోనే నీరసంగా జారిపోతుంది. ఆర్‌ఓ ఫిల్టరులో ఉండే సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) దారి మరీ సన్నం. వాషింగ్ మెషీన్ వాల్వ్‌కు దారి పెద్దదే, కానీ 230 వోల్టులతో పిల్లలకేం పని?

ఇక చోటు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు కొబ్బరితోటల్లో ఎగరేస్తే రాకెట్ మట్టలకు చిక్కుకుంటుంది. సంక్రాంతికి కోతలైపోయిన వరిమళ్ళు మేలు, 11 కేవీ కరెంటు తీగలు దగ్గరలేని మడి చూసుకోండి. తీరం పక్క ఊళ్ళలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది, పొద్దున్నే ఎగరేయండి. రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది కనుక, జనం గాలి వచ్చే వైపు నిలబడకూడదు.

ఐదు నుంచి ఏడో తరగతి వాళ్ళకు తొక్కుడుదే, ఇంకో మాట లేదు. ఎనిమిది దాటితే, పక్కన పెద్దవాళ్ళుంటే, నీళ్ళది. జడ్జీలు అంకెలడిగే పోటీ అయితే నీళ్ళదాన్నే 200 మిల్లీలీటర్ల నుంచి వందేసి పెంచుకుంటూ, ఒత్తిడి 40 దగ్గరే ఆపి, ఎగిరిన దూరాలు పట్టికగా రాయించండి.