పీఆర్ ఫైల్ పంపేముందు గంటన్నర: నేను తీసుకున్న ఫైల్ రివ్యూ సర్వీస్

నేనుండేది కెనడాలో, అంటారియోలోని మిస్సిసాగాలో. చదువు అయ్యాక వచ్చిన మూడేళ్ల వర్క్ పర్మిట్ మీద ఒక కంపెనీలో పేరోల్ చూస్తున్నాను. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, కెనడాలో పని అనుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ కింద నాకు ఐటీఏ, అంటే అప్లై చేయమనే ఆహ్వానం, వచ్చింది. ఆ సంతోషం ఆ పూట వరకే. అక్కడి నుంచి 60 రోజుల్లో కాగితాలన్నీ అప్‌లోడ్ చేసి, ఫీజు కట్టి పంపాలి. గడువు దాటితే ఆ ఐటీఏ పోయినట్టే. ఫైల్ నేనే తయారుచేసుకున్నాను గానీ, పంపేముందు తెలిసినవాళ్లు ఒక్కసారి చూస్తే బాగుండుననిపించింది. అలా తీసుకున్నదే ఈ రివ్యూ. గంటన్నరకు 250 డాలర్లు, అంటారియోలో అమ్మకపు పన్ను హెచ్ఎస్‌టీ 13 శాతం కలిపితే 282.50.

దీనికి ముందు ఇంకో చోటికి వెళ్లాను. అక్కడాయన 3,000 డాలర్లు అడిగి, అన్నీ మేమే చూసుకుంటామని నా అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వమన్నాడు. లైసెన్స్ నంబర్ చెప్పమంటే మాట దాటేశాడు. ఇంటికొచ్చి, ఈ కన్సల్టెంట్లకు లైసెన్స్ ఇచ్చే కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వాళ్ల పబ్లిక్ రిజిస్టర్‌లో వెతికితే ఆ పేరే లేదు. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అంటారియోలో ఆ రిజిస్టర్‌లో ఉన్న కన్సల్టెంట్ అయినా కావాలి, లా సొసైటీ లైసెన్స్ ఉన్న లాయరో, కొన్ని రకాల కేసులే చూసే పారాలీగలో అయినా కావాలి. రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. దయచేసి డబ్బు కట్టకముందే ఆ పని చేయండి.

ఇక రివ్యూ చేసినావిడ సంగతి. అపాయింట్‌మెంట్ దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. లెక్కపెట్టుకుంటూ బతుకుతున్న 60 రోజుల్లో తొమ్మిది రోజులంటే చాలా ఎక్కువ. నేను వెళ్లేసరికి 38వ రోజు. కూర్చోగానే ఒప్పందం చేతికిచ్చి చదువుకోమన్నారు. లైసెన్స్ నంబర్ అందులోనే ఉంది.

ఆవిడ ముందు పట్టుకున్నది మా కంపెనీ ఇచ్చిన రిఫరెన్స్ లెటర్. నా దృష్టిలో అది అన్నిటికంటే భద్రమైన కాగితం. లెటర్‌హెడ్ ఉంది, సంతకం ఉంది, చేరిన తేదీ ఉంది. ఆవిడ పెన్సిల్‌తో ఒక్కో లైనూ గీసుకుంటూ వెళ్లి, "వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారో ఎక్కడుంది?" అన్నారు. లేదు. జీతం? నెలది రాశారు, ఏడాదిది లేదు. తర్వాత నా హోదా దగ్గర పెన్సిల్ ఆగింది. మా హెచ్ఆర్ అమ్మాయి 'అకౌంటింగ్ క్లర్క్' అని రాసింది, కంపెనీ రికార్డుల్లో నా హోదా అదే మరి. కింద పనుల వివరం ఒకే ఒక్క వాక్యం.

"పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఏం చేస్తారో చెప్పండి" అన్నారు. చెప్పాను. టైమ్‌షీట్లు తీసుకుంటాను, ఓవర్‌టైమ్ సరిచూస్తాను, సీపీపీ (పెన్షన్), ఈఐ (నిరుద్యోగ బీమా), ఇన్‌కమ్ ట్యాక్స్ కోతలు లెక్కకడతాను, ఏడాది చివర టీ4లు (జీతం, కోతల పత్రాలు) తీస్తాను, ఎవరైనా మానేస్తే రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ ఇస్తాను. ఆవిడ అవన్నీ రాసుకుని కాగితం నా వైపు తిప్పారు. ప్రభుత్వం ఒక్కో రకం ఉద్యోగానికి ఒక కోడ్ ఇస్తుంది. నేను ప్రొఫైల్‌లో పెట్టిన కోడ్ 13102, పేరోల్ అడ్మినిస్ట్రేటర్లది. ఉత్తరం ఇలాగే వెళ్తే చూసే ఆఫీసర్‌కి కనిపించేది 14200, అకౌంటింగ్ క్లర్కులది. కోడ్‌లో రెండో అంకె టీర్‌ని, అంటే ఉద్యోగ స్థాయిని చెబుతుంది. 3 అయితే ఈ క్లాస్‌లో లెక్కకొస్తుంది, 4 అయితే రాదు. హోదా పేరు కంటే చేసే పనే ముఖ్యమట, కానీ ఆ పని ఉత్తరంలో కనబడాలి కదా. నా గుండె జారిపోయింది. మూడేళ్ల కష్టం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయేది.

అలాగని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న పనుల జాబితాను మక్కీకి మక్కీ ఎత్తి రాయించవద్దని కూడా చెప్పారు. నేను నిజంగా చేసే పనులు, మా ఆఫీసు మాటల్లో. హెచ్ఆర్ అమ్మాయికి పరిస్థితి చెబితే, పాపం, రెండు రోజుల్లో కొత్త ఉత్తరం ఇచ్చింది. వారానికి 37.5 గంటలని కూడా రాసింది.

ఇంకో రెండు దొరికాయి. పర్సనల్ హిస్టరీలో చదువు అయ్యాక ఉద్యోగం దొరికేలోపు రెండు నెలలు ఖాళీగా వదిలేశాను. పదేళ్లలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు, ఉద్యోగం లేకపోతే లేదనే రాయాలి. రెండోది పోలీస్ సర్టిఫికెట్. స్టడీ పర్మిట్ అప్పుడు తీసుకున్న పాత పీసీసీ పెట్టాను. అది నేను ఇండియా వదలకముందు ఇచ్చింది కాబట్టి పనికిరాదు, అక్కడ చివరిసారి ఉన్న తర్వాత జారీ అయినదే కావాలి. ఆ సాయంత్రమే కొత్తదానికి అప్లై చేశాను. 51వ రోజున చేతికొచ్చింది. ఆ పదమూడు రోజులూ కంటి మీద కునుకు లేదు.

లోటు లేదని కాదు. మెడికల్, ప్రయాణాల వివరాలు చివరి పది నిమిషాల్లో గబగబా చూసేశారు. రాసిన రిపోర్ట్ ఏదీ ఇవ్వరు, పెన్సిల్ గీతలున్న మన కాగితాలే మనకు మిగులుతాయి. మర్నాడు ఒక సందేహం వచ్చి మెయిల్ పెడితే మూడు రోజులకు జవాబొచ్చింది. కేసు చిక్కుగా ఉన్నవాళ్లకు, ఇంతకుముందు రిజెక్ట్ అయినవాళ్లకు గంటన్నర చాలదు. నాలాగా ఒకే ఉద్యోగం, ఒంటరి అప్లికేషన్ అయితే మాత్రం నేను గట్టిగా చెబుతాను, తీసుకోండి. కానీ ఐటీఏ వచ్చిన మొదటి వారంలోనే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, నాలాగా 38వ రోజు దాకా ఆగొద్దు.

54వ రోజు రాత్రి అప్పటి ఫీజు 1,525 డాలర్లు కట్టి సబ్మిట్ నొక్కాను. ఏఓఆర్, అంటే అప్లికేషన్ అందిందనే రసీదు, వచ్చాక ఆవిడకు థాంక్స్ చెబుతూ మెయిల్ పెడితే ఈసారి గంటలోనే తిరుగు జవాబు: "మీ వర్క్ పర్మిట్ ఎప్పుడు అయిపోతోంది? పీఆర్ వచ్చేదాకా పని చేసుకోవడానికి ఇచ్చే బ్రిడ్జింగ్ పర్మిట్‌కి అది అయిపోకముందే అప్లై చేయాలి, తేదీ రాసిపెట్టుకున్నారా?" ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను.