నర్సాపురం మేడ మీద ట్యూషన్: నెలకి రెండు వేలు, ఒక్క లెక్కకి రెండు సాయంత్రాలు

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ దోమలకి కాదు, సిలబస్‌కి.

మాది సఖినేటిపల్లి. డిగ్రీ మ్యాథ్స్ పాసై ఎనిమిదేళ్లయింది, పెళ్లయి ఆరేళ్లు. బాబు ఎల్‌కేజీలో చేరాక ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాయాలన్న కోరిక మళ్లీ పుట్టింది. మొదట ఇంట్లో కూర్చునే చదువుదామని ఒక ఆన్‌లైన్ క్రాష్ కోర్సు కొన్నాను, నాలుగు వేలు పోసి. గ్రూప్ థియరీలో ఒక సంకీర్ణ సంఖ్య ఇచ్చి, అది పుట్టించే చక్రీయ ఉపసమూహం (ఆ సంఖ్యనీ దాని విలోమాన్నీ మళ్లీ మళ్లీ వాడితే వచ్చే సంఖ్యల గుంపు) కనుక్కోమంటే వాళ్లు చెప్పిన చిట్కా ఇది: మాడ్యులస్ (0 నుంచి ఆ సంఖ్యకున్న దూరం) 1 అయితే పరిమితం, కాకపోతే అనంతం. నోట్సులో ఎర్ర ఇంకుతో డబ్బా కట్టి మరీ రాసుకున్నాను. మాక్ టెస్టులో (3+4ఐ)/5 ఇచ్చారు, ఐ అంటే -1 వర్గమూలం. 3, 4, 5 కదా, మాడ్యులస్ 1. పరిమితం అని టిక్ పెట్టాను. తప్పు. వివరణలో చూస్తే 'అనంతం' అని ఒక్క ముక్క ఉంది, ఎందుకో లేదు. డౌటు పంపితే మూడు రోజుల తర్వాత అదే వీడియో మళ్లీ చూడమన్నారు.

ఆ మంట మీద ఉండగా మా ఆడపడుచు ఈ మాస్టారి సంగతి చెప్పింది. రిటైరైన లెక్చరర్. ఇంటి మేడ మీద రేకుల షెడ్డు, గోడకి నల్లరంగు వేసి చేసిన బోర్డు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. ఏడో మనిషి వస్తే ఆయన కుర్చీ ఇచ్చేసి నిలబడతారు. వారానికి నాలుగు సాయంత్రాలు, గంటన్నర. ఫోన్‌పే లేదు, నోట్లే ఇవ్వాలి. స్కూటీ పంటు (బళ్లనీ మనుషుల్నీ రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటితే రేవు నుంచి పది నిమిషాలు.

మొదటి రోజే నా సమస్య బోర్డు మీద పెట్టాను. ఆయన దాన్ని ఓ మూలకి తోసేసి, "ఐ పుట్టించే ఉపసమూహం చెప్పమ్మా" అన్నారు. ఇంత తేలికా అనుకుని 1, ఐ, -1, -ఐ, నాలుగు మూలకాలు అన్నాను. "గుణకారం అని ఎవరు చెప్పారు? కూడిక అయితే?" అని అడిగారు. కూడిక అయితే 0, ఐ, 2ఐ, 3ఐ, ఇటు -ఐ, -2ఐ, అలా పోతూనే ఉంటుంది. ఒకే ఐ, ఒక చోట నాలుగు మూలకాలు, ఇంకో చోట అంతు లేదు. ప్రశ్నలో ఏ సమూహం ఇచ్చారో చూడకుండా లెక్క మొదలుపెడితే ఆయన చాక్‌పీసు కింద పెట్టేస్తారు. మనం ఆ మాట అనేదాకా మళ్లీ తీయరు. మొదట్లో చిరాకేసింది. ఇప్పుడు అలవాటైంది.

తర్వాత గుణకారంలోనే 1+ఐ. నేను ఠపీమని ఆర్డర్ 8, అంటే ఎనిమిదో ఘాతానికి మళ్లీ 1 వస్తుంది అన్నాను. కోణం 45 డిగ్రీలు, ఎనిమిది సార్లు తిరిగితే 360, ఇంకేం కావాలి? ఆయన నవ్వి, "రాయమ్మా" అన్నారు. వర్గం 2ఐ. మూడో ఘాతం -2+2ఐ. నాలుగోది -4. ఎనిమిదోది 16. "ముఖం మళ్లీ తూర్పుకే తిరిగింది, నిజమే. కానీ నువ్వు నిలబడింది ఎక్కడ? బయల్దేరింది 1 దగ్గర, ఇప్పుడు 16 దగ్గరున్నావు." మాడ్యులస్ రూట్ 2 కాబట్టి ప్రతి అడుగుకీ దూరం పెరుగుతుంది, 1కి తిరిగి రావడం జరగదు. రుణ ఘాతాలు కూడా రాయించారు. విలోమం (1-ఐ)/2, దాని వర్గం -ఐ/2, ఇలా లోపలికి చుట్టుకుంటూ 0 వైపు పోతుంది గానీ 0ని తాకదు. బోర్డు మీద చుక్కలు పెడితే నత్త గుల్లలా వచ్చింది. క్రాష్ కోర్సులో రుణ ఘాతాల ఊసే లేదు. ఆర్డర్ పరిమితమైతే అవి వాటంతటవే వచ్చేస్తాయి కాబట్టి ఎగ్గొట్టినా తెలియదు. ఇలాంటి చోట సగం ఉపసమూహం మాయమైపోతుంది.

అదే 1+ఐని రూట్ 2తో భాగిస్తే సరిగ్గా 8 మూలకాలు. ఆ ఎనిమిదింటిలో మొత్తాన్నీ పుట్టించగలిగేవి ఏవి అని అడిగి ఒక్కొక్కరి చేతా ఒక్కో ఘాతం వేయించారు. 1, 3, 5, 7 ఘాతాలే జనక మూలకాలు. రెండో ఘాతం ఐ, అది నాలుగింటి దగ్గరే ఆగిపోతుంది. నాలుగో ఘాతం -1, రెండే మూలకాలు. "అది మీ పంటు" అన్నారు నన్ను చూసి, "ఈ గట్టు, ఆ గట్టు, అంతే." ఆ నవ్వుల్లోనే కరెంటు పోయింది. ఇన్వర్టర్ దీపం ఒకటి ఉంది, అది బోర్డుకి, మనకి కాదు. నోట్సు సెల్‌ఫోను వెలుగులో రాసుకోవాల్సిందే.

నా (3+4ఐ)/5కి వచ్చేసరికి రెండో సాయంత్రం. దీని కోసమైనా ఈ ట్యూషన్‌కి డబ్బు ఇవ్వొచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా. కింద ఉన్న 5ని పక్కనపెట్టి 3+4ఐకి ఘాతాలు వేయమన్నారు. వర్గం -7+24ఐ. మూడో ఘాతం -117+44ఐ. ఇప్పుడు అన్నింటినీ 5తో భాగించి శేషాలు చూడమన్నారు. -7కి 10 కలిపితే 3, 24లో శేషం 4. -117కి 120 కలిపితే 3, 44లో 4. మళ్లీ మళ్లీ 3, 4, 3, 4. శేషాల లెక్కలో ఈ సంఖ్య వర్గం అదే సంఖ్య, కాబట్టి ఎన్నిసార్లు హెచ్చించినా మారదు. ఏదో ఒక ఘాతం 1 అయ్యేటట్టయితే పైనున్న ఊహా భాగం (ఐ పక్కనున్న సంఖ్య) 0 కావాలి. ఎప్పుడూ శేషం 4 వచ్చే చోట 0 ఎలా వస్తుంది? రాదు. కాబట్టి అనంతం. ఇంటర్ సెకండియర్‌లో నేర్చుకున్న గుణకారం, అయిదో క్లాసు భాగహారం, ఇంకేమీ వాడలేదు. నేను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను.

మాస్టారు దాన్ని గానుగెద్దుతో పోల్చారు. తిరిగే వలయం ఒకటే, కానీ ఒకసారి పడిన గిట్ట గుర్తులో మళ్లీ గిట్ట పడదు. మాడ్యులస్ 1 అంటే వలయం దాటి పోదు అని మాత్రమే. మొదటి అడుగులోకి తిరిగి రావాలంటే కోణం పూర్తి చుట్టులో భిన్నం కావాలి. 135 డిగ్రీలు చుట్టులో 3/8, కాబట్టి ఆర్డర్ 8. 150 అయితే 5/12, ఆర్డర్ 12. హారం చూస్తే చాలు, భిన్నాన్ని ముందు కుదించాలి, అంతే. ఎర్ర డబ్బా కొట్టేశాను.

ఇక లోపాలు. నోట్సు ఆయన చేతిరాతే, జిరాక్సు కాపీ ఎనభై రూపాయలు. ఆ జిరాక్సులో సన్నటి గీతలు పడలేదు, మైనస్ గుర్తులు సగం ఎగిరిపోయాయి. ఐ మూడో ఘాతం ఐ అని కనబడితే ఖంగారు పడకండి, పెన్నుతో దిద్దుకోండి. స్కూటీలు పెట్టుకోడానికి చోటు లేదు, ఎదురింటివాళ్లు గొడవ పడతారు. దోమల సంగతి డెల్టాలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పెద్ద లోపం వేగం. ఏడు వారాలయింది, నార్మల్ ఉపసమూహాలు మొన్ననే మొదలయ్యాయి. వలయాలు (రింగ్స్ చాప్టరు), సరళ బీజగణితం ఎప్పుడో తెలియదు. అడిగితే "వస్తాయమ్మా" అంటారు. ఎంట్రన్స్‌కి రెండు నెలలే ఉన్నవాళ్లు ఇక్కడ చేరితే టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. వరదకి పంటు ఆపేసినప్పుడు నేను చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రాలేక నాలుగు క్లాసులు పోగొట్టుకున్నాను. ఫీజు తగ్గించలేదు. కాకపోతే ఒక ఆదివారం పొద్దున్న పిలిచి, ఆ నాలుగు క్లాసులూ ఒకే పూటలో చెప్పేశారు. ఆయనకి వేగంగా చెప్పడం వచ్చునని ఆ రోజే తెలిసింది.

మా అత్తగారు 'రెండు వేలకి ఎన్ని లెక్కలు చెప్పారే' అని అడిగారు. మూడు అన్నాను. ఆవిడ ముఖం చూడాలి. వచ్చే నెల ఫీజు మాత్రం నిన్ననే ఇచ్చి వచ్చాను.